రెండో జత చెవులు

నేను ఒక స్టెతస్కోపును. అనగానే మీకు డాక్టరు మెడలో వేలాడే వస్తువు కళ్లముందు మెదిలి ఉంటుంది. అది నా జాతిదే గానీ నేను కాదు. దానికి రొమ్ము మీద ఆనించే బిళ్ల ఒకటి, చెవుల్లో పెట్టుకునే గొట్టాలు ఒక జత ఉంటాయి. నాకు బిళ్ల ఒకటే అయినా చెవులు రెండు జతలు. బిళ్ల నుంచి పైకి వచ్చే గొట్టం పంగలకర్రలా చీలి ఒక పాయ గురువు చెవులకు, ఇంకో పాయ శిష్యుడి చెవులకు పోతుంది. ఒకే గుండెను ఇద్దరూ కలిసి వినాలని నన్ను చేశారు. ఒక్కరే వింటే నా ఒంట్లో సగం ఊరికే వేలాడుతూ ఉంటుంది. అలా వేలాడటంలో ఉండే ఒంటరితనం చెప్పుకోవడానికి నాకు నోరు కూడా పెట్టలేదు.

ఉత్తరాదిలో ఎక్కడో ఒక చిన్న వర్క్‌షాపులో పుట్టాను. గొట్టాలు కోసి అతికించే మనిషి నాకు రెండో జత బిగించి, పైకెత్తి పట్టుకుని తోటివాళ్లకు చూపించి పకపకా నవ్వాడు. అక్కడి నుంచి రైలెక్కి రాయలసీమలో ఒక పెద్ద ఊరికి, పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న సర్జికల్ షాపుకి వచ్చాను. అద్దాల బీరువాలో చాలాకాలం దుమ్ము తిన్నాను. వచ్చిన డాక్టర్లందరూ నన్ను తిప్పి చూసి నవ్వి పెట్టేసేవాళ్లు. నవ్వు పైకే. లోపల సంగతి వేరు. తాను విన్నదే పక్కవాడూ వింటే, తాను తప్పుగా విన్నానని పక్కవాడికి తెలిసిపోతుంది కదా. మనుషులకు ఈ భయం డిగ్రీలు పెరిగేకొద్దీ పెరుగుతుంది.

ఆ భయం లేని ఒకాయన చివరికి వచ్చాడు. ఆయన పేరు మద్దిలేటి. అప్పుడే మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరిన కుర్ర డాక్టరు. నన్ను చేతిలోకి తీసుకుని, రెండో జత షాపాయన చెవుల్లో పెట్టి, బిళ్ల తన రొమ్ము మీద పెట్టుకుని, "వినపడుతాందా అన్నా?" అన్నాడు. షాపాయన నోరు వెళ్లబెట్టాడు. ఆ క్షణంలోనే నేను ఆయన సొత్తునైపోయాను.

మద్దిలేటి సార్ గొప్ప ఉపన్యాసకుడని నేను అబద్ధం చెప్పను. గ్యాలరీ హాల్లో ఆయన పాఠం వినాలంటే ముందు బెంచీల్లో కూర్చోవాలి. గొంతు చిన్నది, చూపు ఎప్పుడూ బోర్డు మీద. వెనక బెంచీల వాళ్లు హాజరు పలికి, తలలు వాల్చి, హాయిగా నిద్రపోయేవాళ్లు. నేను ఆయన కోటు జేబులో ముడుచుకుని ఆ గురకలు వినేదాన్ని. అదే మనిషి వార్డులోకి అడుగుపెడితే మారిపోయేవాడు. రోగి మంచం పక్కన నిలబడి, బిళ్ల రొమ్ము మీద ఆనించి, ఒక్కో విద్యార్థినీ పిలిచి రెండో జత అందించేవాడు. బోర్డు వైపు తిరిగే అలవాటున్న మనిషి అక్కడ మాత్రం ఎదుటివాడి మొహం మీంచి చూపు తిప్పేవాడు కాదు.

అక్కడ ఆయనకొక అల్లరి పద్ధతి ఉండేది. విద్యార్థి శ్రద్ధగా వింటున్నప్పుడు, పంగ దగ్గర వాడి వైపు గొట్టాన్ని బొటనవేలితో చడీచప్పుడు లేకుండా నొక్కేసేవాడు. శబ్దం ఆగిపోతుంది.

"వినపడుతాందా నాయనా?"

"ఎస్ సార్. క్లియర్‌గా వినపడుతోంది సార్."

"గొట్టం నా చేతిలో నలుగుతాంది. నీకెట్ల వినపడె?"

వాడు చెవుల్లోంచి గొట్టాలు తీసేసేవాడు. చుట్టూ నవ్వులు. పడుకున్న రోగి కూడా నవ్వేవాడు. సార్ మాత్రం నవ్వకుండా అనేవాడు. "వినపడలేదు సార్ అనేది ముందు నేర్చుకో. అది వస్తే మిగిలినవన్నీ వస్తాయి."

నేనెన్నో చెవులు చూశాను. కమ్మల చెవులు, పోగుల చెవులు, చెమట పట్టిన చెవులు. అన్నిటికన్నా కష్టంగా చెవికెక్కేది ఒకే ఒక శబ్దం. గుండెలో ఒక కవాటం బిగుసుకుపోతే, లబ్, డబ్ అన్న తరువాత సన్నగా, లోతుగా ఒక గరగర వస్తుంది. దూరంగా బండరాళ్ల మీద ఎద్దులబండి పోతున్నట్టు ఉంటుందని సార్ చెప్పేవాడు. పుస్తకంలో చదివితే తెలిసినట్టే ఉంటుంది. చెవిలో పడితే గానీ తెలియదు.

ఆ శబ్దం ఆయన ఇంట్లోనే ఉండేది. భార్య రామతులశమ్మకు చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటం కొంచెం బిగుసుకుంది. పెళ్లయిన కొత్తలో ఆయనే విని కనిపెట్టాడు. కాన్పు ప్రమాదమని భయపడి పిల్లలు వద్దనుకున్నారు. నెలకోసారి ఆమె తలంటుకున్నాక ఎడమ పక్కకు తిరిగి పడుకునేది. ఆయన ఒక జత చెవుల్లో పెట్టుకుని వినేవాడు. ఖాళీగా ఉన్న రెండో జతను ఆమె తన చేతిలో పట్టుకునేది, అది నేల మీద పడకుండా. గరగర కాసేపు ఉండి ఆగిపోయేది. ఆ తరువాత కొంచెం ఖాళీ, మళ్లీ లబ్.

"ఈ ఖాళీ ఉన్నంతకాలం ఏం భయం లేదు తులశమ్మా. శబ్దం సాగి సాగి ఆ ఖాళీని మింగేస్తే అప్పుడు చూసుకోవల్ల."

"మీరుండంగ నాకేం భయం లెండి," అనేది ఆమె.

అలా ఏళ్లు గడిచాయి. రిటైర్మెంట్ దగ్గరపడే రోజుల్లో సార్‌కి చెవి తేడా చేసింది. చెవుల డాక్టరైన స్నేహితుడు చూసి, లోపలి చిన్న ఎముక బిగుసుకుపోతోందని, ముందు లోతైన శబ్దాలు పోతాయని చెప్పాడు. ఆపరేషన్ మాట ఎత్తితే సార్ దాటేశాడు. "ఉన్నది కూడా పోతే? ఇంకో ఏడాది ఉంటే చాలు. ఆ శబ్దాన్ని ఒక్కరి చెవిలోనన్నా వేసి పోతా," అన్నాడు. ఈ సంగతి ఆయన భార్యతో కూడా చెప్పలేదు. నాకు తెలిసిందీ ఆయన జేబులో ఉన్నాను కాబట్టే.

ఆ ఏడాదే కాలేజీకి తాళం పడింది. ఊరంతా మూతులకు గుడ్డలు కట్టుకుంది. విద్యార్థులు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. పాఠాలన్నీ వీడియోలో చెప్పమన్నారు. సార్ భోజనాల బల్ల మీద ఫోను నిలబెట్టి, తెల్లచొక్కా వేసుకుని, కింద లుంగీతోనే కూర్చుని పాఠం చెప్పేవాడు. నేను పక్కనే మేకుకు వేలాడుతూ చూసేదాన్ని.

నిజం ఒప్పుకోవాలి. ఆ పాఠాలు గ్యాలరీ పాఠాలకన్నా బాగున్నాయి. చిన్న గొంతు ఇప్పుడు ప్రతివాడి చెవి పక్కనే ఉంది. అర్థం కాకపోతే ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినవచ్చు. గ్యాలరీలో ఏనాడూ నోరు తెరవని ముబీనా అనే ఆదోని అమ్మాయి, రెండు గదుల ఇంట్లో తమ్ముళ్ల గోల మధ్య కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న రాసి పంపేది. సార్ వాటిని చదివి, "ఈ పిల్ల ఇన్నాళ్లూ యాడుండె తులశమ్మా?" అని ముచ్చట పడేవాడు. ముబీనా ఉన్నది వెనక బెంచీలోనే. ఆయన బోర్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఫోను మీద నాకు పట్టరానంత అసూయ పుట్టింది. ఏం ప్రయోజనం? దాని చుట్టూ వందమంది ఉండేవాళ్లు, నా చుట్టూ గోడ.

గుండె శబ్దాల పాఠం వచ్చింది. అది బల్ల దగ్గర కూర్చుని చెప్పే పాఠం కాదు. వార్డు మూతబడి ఉంది. సార్ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చూసి చూసి తులశమ్మే అడిగింది.

"రోగి లేకుంటే ఏమాయె? నేనున్నా కదా. నా గుండె వినిపించరాదూ ఆ పిల్లోల్లకు?"

ఆయన కుర్చీలోంచి లేచాడు. నన్ను మేకు నుంచి తీశాడు. ఒక జత తన చెవుల్లో పెట్టుకున్నాడు. రెండో జతలో ఒక కొనకి చిన్న మైకును దూది, పట్టీలతో కట్టాడు. నా రెండో జతకు చాలా నెలల తరువాత మళ్లీ పని దొరికింది. ఫోను ఆయన వైపే తిప్పి ఉంది. తులశమ్మ మంచం మీద ఎడమ పక్కకు ఒత్తిగిలి, దుప్పటి కప్పుకుని, ఊపిరి వదిలి బిగబట్టింది. ఆ రోజు గరగరను నేను ఎంత జాగ్రత్తగా మోశానో చెప్పలేను.

"వినపడుతాందా?"

తెర మీద గళ్లలోంచి ఒకరి వెనక ఒకరు పలికారు. "ఎస్ సార్." "ఎస్ సార్." "వెరీ క్లియర్ సార్."

ఆయన బొటనవేలు అలవాటుగా పంగ దగ్గరికి పోయింది. గొట్టం నొక్కి ఎవరి మొహం చూడాలి? గళ్లలో సగం మొహాలు లేవు, పేర్లే ఉన్నాయి. వేలు వెనక్కి తీసేశాడు. తులశమ్మ దుప్పట్లోంచి, "ఇన్నారా పిల్లోల్లు?" అని అడిగింది. విన్నారన్నాడు. ఆమె సిగ్గుగా నవ్వింది.

ఆ పరీక్షల్లో ఆ బ్యాచికి మార్కులు బ్రహ్మాండంగా వచ్చాయి. గ్యాలరీలో పాఠాలు విన్న పై బ్యాచికన్నా ఒక పిసరు ఎక్కువే. ప్రిన్సిపాలుగారు గుండె పాఠం వీడియోను తెగ మెచ్చుకుని అందరికీ పంపారు. సార్ వీడ్కోలు సభ కూడా తెర మీదే జరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, మైకులు మూసుకుని. ఆయన ఆ చప్పుడు లేని చప్పట్లకు దండం పెట్టి ఫోను బోర్లించాడు.

తరువాతి ఏడాది గురించి చెప్పడం నాకు కష్టం. నెలనెలా తులశమ్మ ఎడమ పక్కకు తిరిగి పడుకుంటూనే ఉంది. సార్ వింటూనే ఉన్నాడు. ఏటేటా తీయించే గుండె స్కాను ఆ గొడవల్లో ఆగిపోయింది. ఆసుపత్రులు తెరిచాక కూడా, "నా చెవి ఉండంగ స్కాను ఏంటికి?" అని ఊరుకున్నాడు. గరగర సాగుతోంది. నేను మోస్తున్నాను కదా, నాకు తెలుస్తోంది. ఒక నెలకన్నా ఇంకో నెల ఖాళీ చిన్నదవుతోంది. నా పని చెవి గుమ్మం దాకా. ఆ లోపల శబ్దం ఏమవుతుందో నాకు తెలియదు. ఆయన కాసేపు కళ్లు మూసుకుని, చెవుల్లోంచి గొట్టాలు తీసి, "బాగుంది, ఎప్పటి మాదిరే ఉంది," అనేవాడు. గోడకు వేలాడుతూ నేను కుమిలిపోయేదాన్ని. అరవాలనిపించేది. ఆ నెలల్లో నేనున్నంత ఒంటరిగా సర్జికల్ షాపు బీరువాలో కూడా లేను.

ఒక మధ్యాహ్నం ముబీనా వచ్చింది. ఇప్పుడు హౌస్ సర్జన్, మెడలో కొత్త స్టెతస్కోపు. కుర్చీ అంచున కూర్చుని, తులశమ్మ ఇచ్చిన మజ్జిగ తాగకుండా గ్లాసు పట్టుకుని ఉంది. సార్‌కి వినపడేలా గొంతు పెంచి మాట్లాడింది.

"వార్డులో ఒకామె గుండె చూసి శబ్దం ఏమీ లేదని చెప్పినా సార్. పీజీ మేడమ్ విని, స్కాను తీయించి నన్ను చీవాట్లు పెట్టినారు. కవాటం బాగా బిగుసుకుపోయి ఉండాది."

"మొదట్లో జరుగుతాయమ్మా. మన వీడియో మళ్లొకసారి చూసుకోలేకపోయినావా?"

ముబీనా తల దించుకుంది. "దాంట్లో ఏమీ లేదు సార్. ఆ రోజు మాకెవరికీ ఏమీ వినపడలేదు."

"ఎస్ అంటిరి కదా అందరూ!"

"మొన్న గ్రూపులో ఒకర్నొకరం అడిగినాము సార్, నీకు వినపడిందా అని. ఆ రోజు అందరూ ఎస్ అంటాంటే నాకొక్కదానికే వినపడలేదేమో అని నేనూ అనేసినా. పక్కనోళ్లూ అట్లనే అన్నారంట. ఆ యాప్‌లో మాట తప్ప ఏ చప్పుడైనా ఫ్యాను రొద మాదిరి తీసేస్తాదంట సార్. ఇప్పుడు తెలిసె."

ఆనాడు నేను ఎంత జాగ్రత్తగా మోశానో అదంతా ఎవరో రొద అని ఊడ్చేశారన్నమాట. సార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. కాదు, దిగులు. తులశమ్మ మాత్రం ముబీనా చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టి, "దానికేముందిమ్మే, ఇప్పుడు ఇను," అని తనే వెళ్లి మంచం మీద పడుకుంది.

సార్ ఒక జత పెట్టుకున్నాడు. రెండో జత ముబీనాకి ఇచ్చాడు. నాలుగు చెవులూ నిండాయి. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన ముబీనా మొహం మీదే చూపు నిలిపాడు. మొదట ఆ మొహంలో ఏమీ లేదు. కనుబొమలు ముడిపడ్డాయి. మెల్లగా విప్పుకున్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. సార్ బొటనవేలు పంగ దగ్గర ఆమె వైపు గొట్టాన్ని నొక్కింది.

"పోయింది సార్," అంది వెంటనే. "ఇప్పుడు ఏమీ లేదు."

ఆయన వేలు తీశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లుగానో ఒక్కరి కోసం వెతుకుతున్నాడు, ఆ ఒక్కరు దొరికారు. "మెచ్చినానమ్మా," అన్నాడు. "ఇప్పుడు చెప్పు. డబ్ తరువాత గరగర వచ్చి, ఆగి, కొంచెం ఖాళీ ఉంటాది. ఎంత ఖాళీ ఉంది?"

ముబీనా మళ్లీ వింది. చాలాసేపు వింది.

"ఖాళీ లేదు సార్."

"సరిగా ఇను. చిన్న శబ్దం అది. ఆగిపోతాది."

"ఆగడంల్యా సార్. లబ్ వచ్చేదాకా అట్లనే ఉంది. లబ్ ముందర ఇంకా గట్టిగా అయితాంది."

 సార్ గొట్టాల మీద చెయ్యి పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, శాయశక్తులా విన్నాడు. నేను నాకున్న శక్తంతా పెట్టి మోశాను. ఆయన చెవుల్లోంచి గొట్టాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాకు వినపడ్డంల్యా," అన్నాడు. "ఏడాదిగా వినపడ్డంల్యా తులశమ్మా. జ్ఞాపకం ఉన్నదాన్నే వింటాన్నా."

తులశమ్మ లేచి కూర్చుని పైట సర్దుకుంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. "మిద్దె మెట్లు ఎక్కేటప్పుడు రెండుసార్లు కూర్చుంటాన్నా," అంది. "మీరు బాగుందంటాంటిరి. మీ చెవి మీద మీకుండే ధైర్యం నేనెట్ల తీసేసేది?"

వందమంది విద్యార్థులు ఆయనతో ఎస్ అన్నారు. ఇంట్లో ఈమె కూడా అదే అంటోంది. ఆయన అదే మాట తనతో తానే అనుకుంటున్నాడు. ఇన్నాళ్లూ నిజం తెలిసింది నాకొక్కదానికే, నేను చెప్పలేను.

హైదరాబాదులో తులశమ్మకు తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం పంపి, బెలూనుతో కవాటాన్ని తెరిచారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కష్టమయ్యేదని అక్కడి డాక్టరు అన్నాడట. తులశమ్మ తన మెట్లు తాను ఎక్కుతోంది. ముబీనా నెలనెలా వచ్చి వినేది. ఆ తరువాత ఆమెకు ఎక్కడో దూరంగా ఒక పల్లె ఆసుపత్రిలో పోస్టింగు వచ్చింది. వెళ్లేటప్పుడు నన్ను తీసుకుపొమ్మని సార్ ఇవ్వబోయాడు. "అక్కడ నేనొక్కదాన్నే సార్. రెండో జత ఎవరికి పెట్టేది?" అంది. ఆ మాట నిజమే. నేను మళ్లీ మేకుకు చేరాను.

నెల తిరిగింది. తులశమ్మ తలంటుకుని వచ్చి మంచం మీద కూర్చుంది. సార్ నా వైపు చూడలేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. వంటింట్లో స్టీలు గ్లాసు పడ్డా ఆయనకు వినపడుతుంది, పక్క మనిషి గుండె వినపడదు. ఆమే లేచి నన్ను మేకు నుంచి తీసింది. ఒక జత ఆయన చెవుల్లో పెట్టింది, రెండో జత తన చెవుల్లో పెట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక బిళ్లను ఆయన చేతికిచ్చింది.

"నీకేం తెలుస్తాది తులశమ్మా?" అన్నాడు.

"తెలియకుంటే తెలియలేదంటా," అందామె గట్టిగా, ఆయనకు వినపడేలా. "నేర్పించండి."

ఆయన బిళ్లను ఆమె రొమ్ము మీద సరైన చోట ఆనించాడు. తన చెవుల దాకా వచ్చి ఆగిపోయే శబ్దాన్ని గురించి నెమ్మదిగా, గొంతు పెంచి, ఆమె మొహం మీంచి చూపు తిప్పకుండా చెప్పడం మొదలుపెట్టాడు. ఇది లబ్. ఇది డబ్. ఆ తరువాత చూడు. ఆమె ఊపిరి బిగబట్టి విన్నది. ఆమె కళ్లు అటూ ఇటూ తిరిగాయి.

"వినపడుతాందా?"

"లేదు," అంది తులశమ్మ.

ఆయన మొహం వెలిగింది. బిళ్లను ఒక వేలెడు పక్కకు జరిపాడు.

"సరే, మళ్లీ ఇను."